శేషారత్నం పెట్టని సంతకం

నల్లగొండ పల్లె బడిలో చదివి, బస్సు డిపోలో కొలువు చేసి, దిల్‌సుఖ్‌నగర్‌లోని కిరాయి గదిలోంచి మతాల మీద, తత్వాల మీద ‘దర్శన చర్చ’ అనే త్రైమాసిక పత్రికను ముప్పై ఏళ్లు నడిపినవాడు అంతయ్య. ఒక్క సంచిక ఆపలేదు. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు వ్యాసాలు పంపి ఆయన జవాబు కోసం కాచుకున్నారు. మామూలు సంగతి కాదిది.

పత్రికకు ఒక కట్టుబాటుంది. ఎవరి వాదాన్ని ఖండించాలన్నా ముందు దాన్ని పూర్వపక్షంగా రాయాలి. ఆ వాదం గలవారు చదివి, ‘నా మాట ఇదే’ అని సంతకం పెట్టాలి. ఆ తర్వాతే జవాబు, అంటే సిద్ధాంతం. మీర్‌పేట పాస్టర్ తీతు అయితే, తన వాదం మీద అంతయ్య రాసిన పూర్వపక్షాన్నే ప్రార్థన కూడికలో చదివి వినిపించాడు!

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. ప్రత్యేక రాష్ట్రమే ధర్మమని అంతయ్య వ్యాసం రాశాడు. దాని పూర్వపక్షం మీద సంతకం పెట్టాల్సింది సహసంపాదకురాలు శేషారత్నం. గుంటూరు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడ్డ రిటైర్డ్ లెక్చరర్, రాష్ట్రం విడిపోకూడదనే మనిషి. ఆమె ఫోన్ ఎత్తడం లేదు. సంతకం లేనిదే సంచిక లేదు. అంతయ్యకు కూర్చుంటే కుదురు లేదు, లేస్తే కుదురు లేదు. చెప్పులు తొడిగాడు.

“బస్సులు బందున్నయి. ఏడికి పోతున్నవ్?” అంది భార్య కౌసల్యమ్మ.

“శేషారత్నమ్మ ఇంటికి.”

“ఆమె మాటను కొట్టేస్తందుకు ఆమెతోనే సంతకమా? నీ అసొంటోడు ఇంకొకడు ఉన్నడా?”

“లేడు గన్కనే పత్రిక నడుస్తున్నది!”

కొత్తపేటలో రోడ్డు మీదే ఉద్యమకారుల వంటావార్పు. “జై తెలంగాణ, తాతా! తిని పో!” అన్నారు. పిడికిలెత్తాడు గానీ ఆగలేదు.

శేషారత్నం లోపల వేసుకున్న తాళం తీసి, ఆయన తెచ్చిన కాగితాలు చదివింది.

“బాగా రాశారండీ అంతయ్యగారూ. కానీ ఇది నా మాట కాదు.”

“ఏం తక్కువైంది మేడం? నీళ్లు, రాజధాని, భాష... అన్ని రాసిన గద!”

“అవి టీవీలో వాళ్ల మాటలు. మొన్న నా యాస విని కూరగాయలామె ‘మీ ఊరికి ఎప్పుడు పోతున్నరమ్మా?’ అని నవ్వింది. అప్పట్నుంచి బజారులో నోరు విప్పట్లేదు. వేలితో చూపించి కొనుక్కుంటున్నా. నా పూర్వపక్షం అదీ.”

“కనీసం నాకన్న ఫోన్ల చెప్పొద్దా?”

“చెప్పాలంటే మాట్లాడాలి కదండీ.”

అంతయ్య పూర్వపక్షం వెనక్కి రావడం అదే మొదలు. అక్కడే కూర్చుని ఆమె మాటలు రాశాడు. ఆమె సంతకం పెట్టింది.

“మరి జవాబు?”

“దొరుకుతలేదు మేడం.”

సంచిక ఆగలేదు. తన వ్యాసం పక్కన పెట్టి ఆమె మాటలే వేశాడు. కింద ‘సిద్ధాంతం’ అన్న శీర్షిక, దాని కింద సగం పేజీ ఖాళీ. రాష్ట్రం మీద అంతయ్య మాట మారలేదు. ఆ సగం పేజీ గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ కుర్చీలోంచి లేచి గదిలో అటూ ఇటూ తిరుగుతాడు.