పరంధామయ్య అయ్యవారు నేర్పిన జవాబు

నగరిలో తెలుగు చెప్పాలంటే పరంధామయ్య అయ్యవారే చెప్పాలని పేరు. ఆ పేరు ఆయన తలకెక్కింది, అదే వచ్చిన తంటా.

యుద్ధం నడుస్తున్న రోజులు. నూలుకు సర్కారు కంట్రోలు వచ్చి మగ్గాలు సగం మూలబడ్డాయి. నేతగాడు మునెయ్య కూతురు మునిలక్ష్మిని వెంటబెట్టుకొచ్చి అయ్యవారి అరుగు ముందు నిలబడ్డాడు.

"పాప చిత్తూరులో టీచరు ట్రైనింగు పరీక్ష రాయాలంట సామీ. అది గట్టెక్కితే మా ఇల్లు గట్టెక్కినట్టే. మీరే దారి సూపియ్యాల."

అయ్యవారు చూపించాడు. సంధులు, సమాసాలు, అలంకారాలు పొద్దున్నే గొంతెత్తి వల్లె వేయించాడు. పిల్ల మహా చురుకు. ఉపమాలంకారానికి ఉదాహరణ చెప్పమంటే, "మా అవ్వ కోపం ఎండుమిరపకాయ మాదిరి అయ్యవారూ" అనేది. ఆయనకు నవ్వొచ్చేది గానీ, నవ్వితే పంతులుగిరీ ఏం కావాలి? కళ్లురిమేవాడు.

ఒకనాడు పాఠం చదివి ప్రశ్నలకు జవాబు చెప్పే వంతు వచ్చింది. కరువులో ఎండిన బావి గట్టున ఒక రైతు పొద్దుగూకేదాకా కూర్చున్న కథ. ఎందుకు కూర్చున్నాడని అయ్యవారు అడిగాడు.

"ఇంటికి పోతే బిడ్డ నీళ్లడుగుతాదని" అంది మునిలక్ష్మి.

అయ్యవారి గుండె కలుక్కుమంది. అయినా బెత్తం అరుగుకేసి కొట్టాడు. "ఆ మాట పుస్తకంలో యాడుండాది?"

"లేదయ్యవారూ. నాకట్లా తోచింది."

"నీకు తోచింది ఎవురడిగినారు? పుస్తకంలో ఉండేది చెప్పు!"

'జలము ఊరునను ఆశతో కర్షకుడు కూపతటమున ఆసీనుడయ్యెను' అన్న వాక్యాన్ని నోరు నొప్పి పుట్టేదాకా చెప్పించాడు. అప్పటినుంచి ఆ పిల్ల సొంతంగా ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు. దారిలో పడిందని అయ్యవారు మురిసిపోయాడు. ఆహా, ఏం దారి!

పరీక్ష రాసి ఆమె నేరుగా ఆయన దగ్గరికే వచ్చింది. "సొంత మాటల్లో రాయమన్నారు గానీ నేను మోసపోలేదయ్యవారూ. పేపర్లో వాళ్లిచ్చిన పాఠంలోని మాటలే ఎత్తి రాసినాను" అంది సంబరంగా.

అయ్యవారు చేతిలోని బెత్తం పక్కన పెట్టేశాడు. అనుకున్నట్టే పరీక్ష తప్పింది.

చేతులారా చేశానే అని ఆయన కుమిలిపోయాడు. చివరికి ఉండబట్టలేక మునెయ్య ఇంటికి పోయాడు. పిల్ల రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. మునెయ్య చాప పరిచాడే గానీ ఒక్క నిష్ఠూరమాడలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

"తప్పు నాదే తల్లీ. వచ్చే ఏడు మళ్లా రాద్దువు" అన్నాడు అయ్యవారు. "ఆ రైతు బావికాడ ఎందుకు కూసున్నాడో చెప్పు. పుస్తకం వద్దు. నీకు తోచింది చెప్పు."

మునిలక్ష్మి రాట్నం ఆపింది. ఆలోచించింది. అయ్యవారు ముందుకు వంగాడు.

"జలము ఊరునను ఆశతో..." అని మొదలుపెట్టి, అచ్చం ఆయన గొంతుతోనే, అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. సరిగ్గా చెప్పానా అన్నట్టు ఆయన ముఖంలోకి చూసింది.