పొట్లం కాగితం

నిన్న హోసూరులో ధనియాలు కొన్నాను. పాత పేపరు పొట్లం వాసన తగలగానే, సూళగిరిలో మా సరుకుల అంగడి నడిపే నాయనను అనుమానించిన రోజులు గుర్తొచ్చాయి.

మా పక్కింట్లో ఉండే విలేకరి మామ సర్కారును నిలదీస్తూ రాశాడని పోలీసులు పట్టుకుపోయారు. అతని పత్రిక ఊళ్లోకి రావడం ఆగిపోయింది. మర్నాటి నుంచి కొత్త మనిషొకడు ఏమీ కొనకుండా అంగడి ముందే కూర్చునేవాడు. నాయన అతనికి టీ తెప్పించేవాడు.

"మామను యాడ పెట్టినారు నాయనా?" అని అడిగాను.

"మనకేం తెలుసమ్మా. నువ్వు లోపలికి పో," అన్నాడు, ఆ మనిషికి వినబడేట్టు.

ఆపైన మామ రాసిన పాత పత్రికలు కట్టలుగా తెచ్చి, పేజీలు చింపి, అందరికీ వాటిలోనే సరుకులు కట్టిచ్చాడు. మామను పట్టించింది నాయనేనని తేల్చుకున్నాను. ఆయన చేతి బెల్లం ముక్క కూడా ముట్టలేదు.

నిన్న ధనియాలు డబ్బాలో పోసి, కాగితం మడతలు సాపుచేసి, నిలబడే చదవడం మొదలుపెట్టాను. మా అమ్మా అట్లాగే చదివేది. పొట్లం కాగితాన్ని చదవకుండా పారేసే ఇల్లు మా ఊళ్లో లేదు.

అది నాయనకు తెలుసు.