గ్లాసులో మారే శబ్దం

ఉయ్యూరు దగ్గర ఒక హైస్కూల్లో ఫిజిక్సు చెప్పే శివపార్వతి టీచరు, పాఠం మధ్యలో ఎవరైనా ప్రశ్న అడిగితే కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుస్తుంది. తెలిసిన ప్రశ్నయితే ఒకసారి, తెలియనిదైతే రెండుసార్లు. జూన్‌లో పదో తరగతి భానుశ్రీ, "టీచర్, వేడినీళ్లలో కాఫీపొడి కలిపాక గ్లాసును చెంచాతో కొడుతుంటే, శబ్దం బొంగురుగా మొదలై, పోనుపోను కీచుగా మారిపోతుంది. ఎందుకండీ?" అని అడిగింది. కళ్లజోడు రెండుసార్లు తుడిచి, "అది సిలబస్‌లో లేదమ్మా, కూర్చో" అంది శివపార్వతి. ఆ పిల్ల మళ్లీ చెయ్యెత్తలేదు. అది ఆమెకు లోలోపల గుచ్చుకుంటూనే ఉంది.

దసరా సెలవుల్లో విజయవాడలో ఫిజిక్సు టీచర్లకు శిక్షణ పెట్టారు. "రిటైర్మెంటు దగ్గర పడింది, ఇప్పుడెందుకండీ మేడమ్?" అని హెడ్మాస్టరు అంటున్నా పేరిచ్చింది. రెండో రోజు టీ విరామంలో, శిక్షణ ఇస్తున్న జానకిరామ్ ముందు వేడినీళ్ల గ్లాసు పెట్టి, కాఫీపొడి కలిపి, చెంచాతో కొట్టి వినిపించింది. "గాలి బుడగలండీ" అన్నాడాయన. "అవి ఉన్నంతసేపు నీళ్లలో శబ్దం మెల్లగా నడుస్తుంది, పోయేకొద్దీ వేగం పుంజుకుంటుంది, అందుకే కీచుగా మారుతుంది. ఇంత మంచి ప్రశ్న మీకెలా తట్టింది?"

"నాకు కాదండీ, మా పదో తరగతి పిల్లకి" అంది శివపార్వతి.

బడి తెరిచిన రోజు ఫ్లాస్కులో వేడినీళ్లు, పొట్లంలో కాఫీపొడి తీసుకెళ్లి, "ఆ రోజు తెలియక నిన్ను కూర్చోబెట్టానమ్మా" అని, గ్లాసులో పొడి కలిపి, చెంచా భానుశ్రీ చేతికే ఇచ్చింది. ఆ పిల్ల కొట్టి, విని, "మరి చన్నీళ్లలో ఉప్పు వేసినా ఇలాగే వస్తుందా టీచర్?" అంది.

"నాకూ తెలీదమ్మా. ఉప్పు తెప్పించు, చూద్దాం" అంది శివపార్వతి. తరగతంతా బల్లలు వదిలి ఆమె చుట్టూ చేరింది.