అడ్డొచ్చిన చెయ్యి

కెన్యాలో మూడో రోజు, ఉదయం ఏడూ నలభై. నా నోటుపుస్తకంలో అలాగే ఉంది. తల్లి చీతా ఒక జింకపిల్లను ప్రాణాలతో తెచ్చి తన మూడు కూనల ముందు వదిలింది, వేట నేర్పడానికి. కూనలకు ఇంకా చంపడం రాదు. జింకపిల్ల లేచి పరుగెత్తేది, అవి వెంటపడి పడగొట్టేవి. మళ్ళీ లేచేది. పదకొండు సార్లు లెక్కపెట్టాను. ఈ ఒక్క ఫోటో కోసమే రెండేళ్ళ సెలవులు కూడబెట్టుకుని దోహా నుంచి వచ్చాను. పన్నెండోసారి జింకపిల్ల నేరుగా మా జీపు వైపు తిరిగింది. వెనక మూడు కూనలూ గాల్లో ఉన్నాయి. నేను కెమెరా బటన్ నొక్కాను. పక్కనున్న మా ఆయన అదే క్షణంలో లెన్స్‌కు చెయ్యి అడ్డం పెట్టారు.

"చాల్లేవే, పాపం! చూడలేకపోతున్నా."

"చూడలేకపోతే మీ కళ్ళు మూసుకోవాలి. నా కెమెరా కన్ను కాదు."

ఆయన చెయ్యి తీసేసరికి తల్లి చీతా వచ్చి జింకపిల్ల గొంతు పట్టేసింది.

దోహాలో, అల్ అజీజియాలోని మా ఇంటికి చేరిన మొదటి శుక్రవారం పక్క ఫ్లాట్ వాళ్ళను భోజనానికి పిలిచి, ఫోటోలు టీవీలో చూపించాను. అది కూడా చూపించాను. తెర నిండా ఐదు వేళ్ళు, పెళ్ళి ఉంగరంతో సహా.

"ఇదేం జంతువు వదినా?" అన్నాడు పక్కింటాయన. కరీంనగర్ మనిషి.

"ముప్పై నాలుగేళ్ళుగా పెంచుతున్నాను. ఇంకా మచ్చిక కాలేదు."

"అన్నా, పులికన్న నీ చెయ్యే మంచిగొచ్చింది పో!" అని అతను ఒకటే నవ్వు.

వాళ్ళు వెళ్ళాక మా ఆయన నా దగ్గరికి వచ్చారు. "తప్పయిందే. మాఫీ చెయ్యి. వచ్చేసారి చేతులు జేబులోంచి తియ్యను. నన్నూ తీసుకెళ్ళు."

"మాఫీ," అన్నాను.

ఆయన ముఖం వెలిగింది. దుఖాన్ చమురు క్షేత్రంలో ఇరవై ఆరేళ్ళు స్టోర్‌కీపరుగా, సామాను అడిగిన ప్రతివాడికీ ఆ మాటే చెప్పి పంపిన మనిషి. అక్కడ మాఫీ అంటే లేదు, పొమ్మని. ఇంట్లో మాత్రం అది ఆయనకు తెలుగులో వినబడింది. ఏడు నెలలు నేను సరిదిద్దలేదు. ఆయన కొత్త టోపీ కొనుక్కుని అద్దం ముందు పెట్టుకుని చూసుకుంటుంటే కూడా.

మళ్ళీ కెన్యా ప్రయాణం రోజు పెట్టెతో గుమ్మంలో నిలబడ్డారు. "యల్లా, పద పద."

నేను ఒక్క టికెట్టు చూపించాను.

"మాఫీ అన్నావు కదే!"

"అన్నాను. అరబ్బీలో."

టోపీ తీసి పెట్టె మీద పెట్టారు.

ఆ ప్రయాణంలో ఐదో రోజు, ఉదయం ఎనిమిదీ పది. ఈసారి కూనలు రెండే. తొమ్మిదోసారికి ఫోటో దొరికింది. జింకపిల్ల నోరు తెరిచి ఉంది, ప్రతి వెంట్రుకా విడిగా కనిపిస్తుంది. పెద్దది చేయించి, భోజనాల బల్ల దగ్గర ఆయన కుర్చీకి ఎదురుగా తగిలించాను.

తగిలించిన నాలుగో రోజున ఆయన కుర్చీ మార్చుకున్నారు. ఐదో రోజున నేను ఫోటోను ఆ కొత్త కుర్చీకి ఎదుటి గోడకు మార్చాను.