పెద్దవాళ్ల బొమ్మల సినిమాకు ఒక్కరు తక్కువ

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. బొమ్మల సినిమా అనగానే ఎవరైనా "అయితే పిల్లల్ని పంపమంటారా?" అంటే చాలు, ఒళ్లు మండిపోయేది. ఏటా సముద్రం కోసుకుపోయే మా ఉప్పాడలో ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి ఆల్బములు తయారుచేసే పని నాది. చదువు ఇంటర్‌తో ఆగినా, శాఖా గ్రంథాలయంలో కళల బీరువా మొత్తం (కింది అరలో చెదలు తిన్నవి తప్ప) చదివేశాను. దుఃఖం గురించి, యుద్ధం గురించి, ముసలితనం గురించి పెద్దవాళ్ల కోసమే బొమ్మల సినిమాలు తీస్తారని అందులోనే తెలిసింది. ఇంత సంగతి మా ఊళ్లో ఒక్కరికీ పట్టకపోవడం నాకు ఘోరమైన అన్యాయంగా తోచింది.

లైబ్రేరియన్ గారి వెంటపడి ఒక ఆదివారం మధ్యాహ్నానికి హాలు అడిగాను. ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, "పాతికమంది పెద్దవాళ్లు వస్తే నెలనెలా వేసుకో. ఒక్కరు తగ్గినా ఇదే ఆఖరు" అన్నారు. స్టూడియో ప్రొజెక్టరు తెచ్చి, కిటికీలకు దుప్పట్లు కట్టి, గుమ్మంలో 'బొమ్మల సినిమా – పిల్లలకు కాదు' అని బోర్డు పెట్టాను. కింద రెండు గీతలు కూడా గీశాను.

మూడింటికి నలభైమంది పిల్లలు వచ్చారు. మగ్గాల మీద పని ఉన్న తల్లులు వాళ్లను గుమ్మంలో దింపేసి వెళ్లిపోతున్నారు.

"అమ్మా, బోర్డు చూడండి! ఇది పిల్లలకి కాదండీ!"

"బొమ్మలే కదా బాబూ. కూర్చుని బొమ్మలు చూడ్డానికి మాకేం పన్లేదా ఏంటి? ఐదింటికొస్తాం. మా చిన్నోడికి కాసిని మంచినీళ్లు పట్టండి."

నాకు పట్టరాని కోపం వచ్చింది. పిల్లలందరినీ వరండాలో కథల పుస్తకాల ముందు కూర్చోబెట్టి తలుపు వేశాను. లోపల మిగిలింది మనవల కోసం జంతికల డబ్బాతో వచ్చిన ఎండుచేపలమ్మే మామ్మ ఒక్కతే. ఆవిడకే ఇరవై నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. "సరే గానీ నాయనా, బొమ్మెయ్యి" అంది.

ఇక్కడొక నిజం ఒప్పుకోవాలి. ఆ సినిమా నేనూ చూడలేదు. దాని గురించి పుస్తకంలో నాలుగు పేజీలు చదివాను, అంతే. తెర మీద, ఇల్లంతా సముద్రంలో కలిసిపోగా మిగిలిన ఒక్క మెట్టును ఒక ముసలామె కడుగుతోంది. అల వచ్చి ఇసక పోసి పోతుంది. ఆమె మళ్లీ కడుగుతుంది. ఆ నాలుగు పేజీల్లో ఎక్కడా నాకు ఏడుపొస్తుందని రాయలేదు. వెక్కివెక్కి ఏడ్చాను.

మామ్మ మాత్రం కళ్లార్పకుండా చూసి, "మాది మూడు మెట్ల ఇల్లు. మూడూ పోయాయి" అంది. తర్వాత నా వైపు తిరిగి డబ్బా మూత తీసింది. "ఇదిగో, తిను. పిల్లలకి కాదని అంత గొడవ చేశావు కదా, మరి నువ్వెందుకు కూర్చున్నావురా?"

ఐదింటికి తల్లులు వచ్చారు. "కూర్చోండే, అది మన వీధే!" అని మామ్మ అందరినీ లోపలికి లాగి, సినిమా మళ్లీ వేయించింది. ఈసారి హాల్లో ఎవరూ పనుందని లేవలేదు. లైబ్రేరియన్ గారు గుమ్మంలో నిలబడి పెద్దవాళ్ల తలలు లెక్కపెట్టారు.

"ఇరవై నాలుగు."

"నేను లేనా అండీ?" అన్నాను ఆవేశంగా.

ఆయన నోరు విప్పేలోపు మామ్మే అందుకుంది: "వాడు పిల్లోడండీ! ఇందాకే ఏడిస్తే జంతికలిచ్చి ఊరుకోబెట్టాను."

హాలంతా నవ్వింది. నెలనెలా సినిమా అక్కడితో సరి.

ఆ లెక్క అన్యాయమని ఇప్పటికీ అంటాను. ఈ వయసులో కార్టూన్లేంటండీ అని ఎవరైనా నవ్వితే ఇప్పటికీ పోట్లాడతాను. కాకపోతే అప్పుడప్పుడు ఆ సినిమాను ఫోన్‌లో పెట్టుకుంటాను. ముసలామె చెంబు పట్టుకుని మెట్టు దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి దానంతటదే పక్కకు సాగుతుంది, జంతికల కోసం.