లోవలక్ష్మి బండి ముందు చక్రం

కాలువ వంతెన నడిమధ్యలో బండి పట్టేసింది.

ఆ వంతెన మీద ఒకసారికి ఒక వరస బళ్లే పడతాయి. ఎదురుగా గడ్డి ట్రాక్టరు, వెనకాల రెండు ఆటోలు. లోవలక్ష్మి బ్రేకు మీంచి చెయ్యి తీసేసింది. అయినా మోటారుసైకిలు ముందు చక్రం కదల్లేదు. ఇంజను మూలుగుతోంది తప్ప బండి జానెడు కూడా ముందుకు పోలేదు. వెనక ఐసుపెట్టెలో ఉప్పాడ ఒడ్డున పొద్దున్నే కొన్న వంజరాలు, కానాగంతలు. అవి పిఠాపురం చేరాలి.

"ఏమ్మా, వంతెన మీదే చేపలంగడి పెట్టేత్తావా ఏంటి?" అని ట్రాక్టరు మీదాయన కేకేశాడు.

ఆటోలవాళ్లు దిగి, నవ్వుకుంటూనే, ముందు చక్రం ఎత్తి బండిని పక్కకి లాగిపెట్టారు. తుమ్మచెట్టు నీడలో అరగంట కూర్చుందో లేదో, ఏమీ ఎరగనట్టు చక్రం దానంతటదే వదిలేసింది. అప్పటికి ఐసు కరిగింది. రోజూ చేప తీసుకునే ఇళ్లవాళ్లు వేరేచోట కొనేసుకున్నారు. ఆ నెలలో ఇలా అవడం అది మూడోసారి.

ఆ బండి ఆవిడ పెనిమిటి అప్పాజీది. పన్నెండేళ్లు దాని మీదే చేపలు మోశాడు. కామెర్లొచ్చి మంచాన పడబోయే ముందు, సైకిలు కూడా తొక్కడం రాని పెళ్లాన్ని ముందు కూర్చోబెట్టి, తను వెనక కూర్చుని, ఉప్పాడ ఇసకలో నేర్పించాడు. ఒడ్డున ఉన్నవాళ్లంతా విరగబడి నవ్వారు. "నవ్వనీవే, రేపు వీళ్లే దారిస్తారు" అన్నాడాయన. పొద్దున్నే బండి తీసే ముందు స్టాండు వేసి, వెనక బరువు పెట్టి, ముందు చక్రాన్ని చేత్తో తిప్పి చూడమన్నాడు. మూడు చుట్లు తిరిగితే బయల్దేరు, తిరక్కపోతే ఆగు అన్నాడు. శ్రావణంలో ఆయన పోయాడు. కార్తీకం వెళ్లాక ఆవిడ బండి తీసింది. కుడిచేతి పిడి రబ్బరు ఆయన బొటనవేలు ఆనే చోట అరిగి గుంటపడింది. ఆ గుంటలో తన వేలు పెట్టుకుంటేనే ఆవిడకి తెల్లారినట్టు ఉండేది. ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

వంతెన సంగతి తెలిసి ఆ సాయంత్రమే బావగారు పెదబాబు వచ్చాడు. అప్పాజీకి అన్న, బోటు మీద వేటకెళ్లే మనిషి.

"ఈ బండి మనకి అచ్చిరాలేదు లోవా. కెరటం రోడ్డెక్కినప్పుడల్లా ఉప్పునీళ్లు తాగింది, లోపలంతా తుప్పే. ఆదివారం తణుకు నుంచి కొనడానికి ఒకాయన వత్తాడు. ఇచ్చేత్తానని మాటిచ్చాను. నువ్వు ఆటోలో ఎల్లు."

ఆటో నిండేదాకా కూర్చుంటే పిఠాపురం ఎప్పటికి చేరతాం? ఇక ఒడ్డునే షావుకారు చెప్పిన రేటుకి చేప వదిలేసుకోవాలి. ఆ రబ్బరు గుంటలో ఎవరిదో వేలు ఆనుతుంది.

"ఆదివారం దాకా టైముంది కదా బావగారు" అంది, అంతే.

కొత్తపల్లి సెంటర్లో మెకానిక్కు లోకనాథ్ అప్పటికే రెండుసార్లు తుప్పు గీకి, బ్రేకు ప్యాడ్లు మార్చాడు. బండి అక్కడికి చేరేసరికి ప్రతిసారీ చక్రం గిర్రున తిరిగేది.

"బండిలో ఏం లేదక్కా. తేడా నీ చేతిలోనే ఉంది. బ్రేకు మీద వేళ్లు పెట్టుకుని తోల్తన్నావు" అనేవాడు.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. శనివారం పొద్దున్న చక్రం తిప్పింది. మూడు చుట్లు కాదు, నాలుగు తిరిగింది. అక్కడే గొంతుక్కూచుని ఆలోచనలో పడింది. తుప్పయితే రాత్రంతా ఉప్పుగాలిలో ఉన్న చక్రం పొద్దున్నే పట్టాలి. అప్పుడు పట్టదు. బజారులో పదిసార్లు బ్రేకు వేశాక, వేడెక్కాకే పట్టేస్తుంది. చల్లారితే వదిలేస్తుంది. మెకానిక్కు దగ్గరికి చల్లారాకే వెళ్తోంది మరి! జ్వరం తగ్గాక డాక్టరుకి చెయ్యి చూపిస్తే ఏం తెలుస్తుంది?

చెంగు బొడ్లో దోపి బండి తీసింది. లోకనాథ్ షాపు ముందు రోడ్డు మీద అటూ ఇటూ తిరగడం మొదలెట్టింది. నాలుగు బారలకోసారి బ్రేకు వేస్తుంది, వదుల్తుంది, మళ్లీ వేస్తుంది. టీకొట్టు దగ్గరివాళ్లు గ్లాసులు పట్టుకుని నిలబడిపోయారు.

"ఏంటక్కా ఇది, సర్కసా?" అన్నాడు లోకనాథ్.

"ఉండు తమ్ముడూ, నీ కోసమే."

తొమ్మిదో తిరుగుడులో చక్రం బిగుసుకుంది, సరిగ్గా షాపు గుమ్మంలో. బ్రేకు ప్లేటు మీద నీటిచుక్క వేస్తే చుయ్యిమంది.

"ఇదిగో, ఇప్పుడు చూడు. చెయ్యి తీసేశాను. వేళ్లు ఎక్కడున్నాయో నువ్వే చెప్పు."

లోకనాథ్ లోపలికెళ్లి స్పానరు తెచ్చాడు. చక్రం దగ్గర బ్రేకు ఆయిలు వదిలే చిన్న నిపులు ఉంటుంది.

"ఇది లూజు చేత్తే తెలిసిపోద్దక్కా. అప్పుడూ చక్రం తిరక్కపోతే తుప్పే. తిరిగిందా, తుప్పు కాదు, నొక్కిన ఆయిలు వెనక్కి పోవట్లేదని. మొహం పక్కకి పెట్టు."

పావు తిప్పు తిప్పాడు. వేడి ఆయిలు చివ్వున చిమ్మింది. చక్రం వదిలేసింది. లోవలక్ష్మి ఒక్క వేలితో తిప్పితే గిర్రున తిరిగింది.

"తుప్పు కాదు!" అన్నాడు లోకనాథ్.

"అయితే ఆయిలు వెనక్కెళ్లే చోట, పైన ఏదో అడ్డం ఉంది. పై డబ్బా విప్పు" అంది లోవలక్ష్మి.

హ్యాండిలు మీది చిన్న డబ్బా మూత విప్పాడు. మూత కింది రబ్బరు ఉబ్బి, అంచులు వంకర తిరిగి ఉంది. మళ్లీ పెట్టబోతే తన మూతలో తనే పట్టలేదు. చూడగానే ఆవిడకి తన కుక్కరు గుర్తొచ్చింది. ఒకసారి గ్యాస్కెట్టు గూట్లో ఒలికిన డీజిల్లో పడి తెల్లారేసరికి ఇలాగే ఉబ్బింది. ఎంత నొక్కినా మూతకి ఎక్కలేదు.

డబ్బాలో వేలు ముంచి వాసన చూసింది.

"ఇది బ్రేకు ఆయిలు కాదు తమ్ముడూ. బోటు ఇంజనాయిలు."

లోకనాథ్ కూడా వాసన చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఇది పడితే లోపలి రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. బ్రేకు వేడికి పొంగిన ఆయిలు వెనక్కెళ్లే సన్నటి బెజ్జం మూసుకుపోద్ది. ఎవడు పోశాడక్కా దీన్ని?"

అప్పటికి పెదబాబు వచ్చి జనంలో నిలబడి ఉన్నాడు. బండి కాగితాలు అడగడానికి వచ్చాడు. తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో నలుపుకున్నాడు.

"నేనే పోశాను" అన్నాడు మెల్లగా. "తమ్ముడి పదకొండోరోజు ఎల్లాక, ఏమీ తోచక బండి అంతా తుడిచాను. డబ్బా అద్దంలోంచి చూత్తే ఆయిలు తగ్గింది. బోటు మీద ఏది తగ్గినా అదే కదా పోత్తాం... మంచి ఆయిలే పోశాను లోవా."

టీకొట్టు దగ్గర ఎవరూ నవ్వలేదు.

లోవలక్ష్మి ఆయిలంటిన వేలు చెంగుకి తుడుచుకుంది.

"ఆయన బండి తుడిచింది మీరొక్కరే బావగారు. కోపం ఎందుకొత్తాది? కానీ రేపు వచ్చే ఆయనకి ఏం చెప్తారు?"

"బండికి సొంతదారు ఉందని చెప్తాను" అన్నాడు పెదబాబు.

కాకినాడ నుంచి కొత్త రబ్బర్లు, గొట్టం తెప్పించి, పాతదంతా కడిగి, సీలు డబ్బాలోని అసలు బ్రేకు ఆయిలు పోసేసరికి ఆదివారం మధ్యాహ్నమైంది. మళ్లీ అదే రోడ్డు మీద తిరిగింది ఆవిడ. ఈసారి ఇరవై తిరుగుళ్లు తిరిగినా, వదిలినప్పుడల్లా చక్రం వదిలింది. టీకొట్టువాళ్లు లెక్క పెట్టి మరీ అరిచారు. లోకనాథ్ చేతులు తుడుచుకుంటూ, "మళ్లీ ఎవరి బండయినా ఇలా పట్టేత్తే నిన్నే పిలుత్తానక్కా" అన్నాడు.

సోమవారం వంతెన దగ్గర బ్రేకు వేసి ఆగింది. ఎదురుగా అదే గడ్డి ట్రాక్టరు.

"ఏమ్మా, ఇవాళ అంగడి పెట్టవా?"

"పెడతానండీ, పిఠాపురంలో! కావాలంటే అక్కడికి రండి. ముందు దారివ్వండి!"

ట్రాక్టరాయన నవ్వుతూ వెనక్కి తీశాడు. లోవలక్ష్మి బొటనవేలు రబ్బరు గుంటలో ఆనించి, బ్రేకు వదిలింది.