మంజుల వీడియోలో మొదటి మాట

దయ్యాలూ ఆత్మలూ ఉన్నాయని నేనెప్పుడూ అనుకోలేదు. వనపర్తి దగ్గర ఒక సర్కారు బడిలో సైన్సు చెప్తాను. నిమ్మకాయ కోస్తే ఎర్రగా కారడం వెనక ఏ మందు ఉందో ఏటా పిల్లల ముందు చేసి చూపిస్తాను. అందుకే ఇది రాయడానికి రెండేళ్లు వెనకాడాను.

మా చెల్లెలు మంజులను గద్వాలలో ఇచ్చాం. భర్త మగ్గం నేసేవాడు. ఆమె ఆ చీరలను ఫోన్లో వీడియో తీసి, తెలిసినవాళ్లకు పంపి అమ్మేది. కొనేవాళ్లందరినీ 'అక్కా' అనేది. నన్ను మాత్రం 'అక్కి' అనేది. మాటలు వచ్చీ రాని వయసులో నోరు తిరగక అలవాటైన పిలుపు అది. రాయచూరు వైపు నుంచి వచ్చిన మా నానమ్మ, కన్నడంలో అక్కి అంటే బియ్యం కదే అని నవ్వేది. పెళ్లయ్యాక కూడా మంజుల ఆ పిలుపు మార్చలేదు.

అమ్మ పోయిన రోజు తను ఆలస్యంగా వచ్చింది. అప్పటికే అమ్మను తీసుకెళ్లిపోయారు. బస్సు దొరకలేదని తర్వాత తెలిసింది. నేను అందరి ముందూ, "ఇప్పుడెందుకొచ్చినవ్? పో" అన్నాను. ఏడుపులో అన్న మాటే. తర్వాతైనా వెనక్కి తీసుకోలేదు. మంజుల గడప దగ్గర కూర్చుని, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. ఆ తర్వాత పదకొండు నెలలు మేం మాట్లాడుకోలేదు.

అప్పుడు తన నుంచి ఒక వీడియో వచ్చింది. తెరవకముందే చీర కనబడుతోంది. అందరికీ పంపినట్టే నాకూ పంపిందనుకుని వదిలేశాను. రోషం కూడా ఉంది.

వారానికి జ్వరమని తనను దవాఖానలో చేర్చారు. రక్తకణాలు పడిపోయాయన్నారు. నేను వెళ్లేసరికి నోట్లో గొట్టం ఉంది. చెయ్యి పట్టుకున్నాను, కాలిపోతోంది. మర్నాడు పోయింది.

పదకొండో రోజు అయ్యాక ఇంటికొచ్చి ఆ వీడియో తెరిచాను. మొహం లేదు. నేరేడు రంగు చీర మీద తన చెయ్యి మాత్రమే ఉంది. మొదట గాజులు కదులుతున్నాయి గానీ చప్పుడు లేదు. ఆ తర్వాత గొంతు వచ్చింది. "ఈ రంగు మల్ల దొరకదు. పక్కకు పెట్టిన. చెప్తె పంపిస్త."

తను ఏ వీడియో అయినా పిలుపుతోనే మొదలుపెట్టేది. ఇందులో ఆ పిలుపు తెగిపోయింది. అది 'అక్కా' అయితే అందరికీ తీసిన వీడియో. 'అక్కి' అయితే నాకోసం తీసింది. వేరేవాళ్లకు ఇది చిన్న విషయం. నాకు తన నుంచి మిగిలింది ఇదొక్కటే.

ఫోను ఇంట్లో ఉన్న చిన్న బ్లూటూత్ స్పీకర్‌కు కలిపి ఉంది. బడిలో పాఠాల వీడియోలు వేసినప్పుడు కూడా మొదటి మాట ఇలాగే పోతుంటుంది. అందుకే కొంచెం ఆశ పడ్డాను. లెక్కలు చెప్పే ఖలీల్ సార్‌కు ఇలాంటివి బాగా తెలుసు. చప్పుడు లేనప్పుడు స్పీకర్ నిద్రపోతుందనీ, లేచేలోపు మొదటి సెకను మింగేస్తుందనీ ఆయన చెప్పారు. స్పీకర్ తీసేసి వైరు ఇయర్‌ఫోన్లతో విన్నాం. వేరే ఫోన్లో విన్నాం. ఆ మొదటి మాట మాత్రం లేదు.

మంజుల భర్త, మా మరిది, ఆమె ఫోను తెచ్చిచ్చాడు. అసలు వీడియో అందులో ఉంది. ఎవరెవరికి పంపిందో చూడమన్నాను. ఫోన్లో జాగా చాలదని ఆమె ఎప్పటికప్పుడు చాట్లన్నీ తుడిచేసేదట. "నాకేం తెల్వదు వదినా" అన్నాడు.

ఖలీల్ సార్ ఆ అసలు వీడియోను కంప్యూటర్లో పెట్టి శబ్దం గీత చూపించారు. మొదటి సెకనంతా ఆ గీత చదునుగా ఉంది. "అందుల లేదు మేడం. స్పీకర్ మింగలే, రికార్డే కాలే" అన్నారు. బొమ్మ ముందు మొదలై, మైకు ఆలస్యంగా అందుకుంటుందట కొన్ని ఫోన్లలో. ఉన్న మాటలైనా స్పీకర్లో తెగకుండా వినబడాలని, ముందు రెండు సెకన్ల ఖాళీ చేర్చి నాకు పంపారు.

ఆదివారం పదకొండింటికి దాన్ని ఇంట్లో స్పీకర్లో పెట్టాను. మా అత్తమ్మ బయట అరుగు మీద కందులు ఏరుతోంది. ఈ వీడియో సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

రెండు సెకన్లు ఏమీ లేదు. తర్వాత "అక్కి" అని వినబడింది. స్పష్టంగా, కొంచెం సాగదీసి, వాకిట్లోంచి పిలిచినట్టు. ఆ వెంటనే, "ఈ రంగు మల్ల దొరకదు..."

అత్తమ్మ చేట పక్కన పెట్టి లోపలికొచ్చింది. "ఎవరొచ్చిన్రు బిడ్డా? మంజుల పిలిచినట్టయింది గదా" అంది. అని, తనే నిలబడిపోయింది.

ఇంకేం వినబడిందని అడిగాను. ఆ పిలుపు తప్ప ఏమీ వినలేదంది. చీర మాట ఆమె చెవిన పడలేదు.

ఆ రోజు దాన్ని ముప్పైసార్లకు పైగా పెట్టి ఉంటాను. ఆ పిలుపు మళ్లీ రాలేదు. మర్నాడు ఖలీల్ సార్ చూశారు. గీత చదునుగానే ఉంది. "మనసుకు గట్ల వినొచ్చింది కావచ్చు మేడం" అన్నారు. అత్తమ్మ సంగతి చెప్పాను. ఆయన కంప్యూటర్ మూసేశారు. చనిపోయిన వాళ్ల అబ్బా గొంతు ఏ ఫోన్లోనూ లేదనీ, ఉంటే బాగుండేదనీ అన్నారు.

చీర కోసం మరిది బీరువాలో వెతికాడు. దొరికింది. కవరు మీద ఎవరి పేరూ లేదు. "మీరే ఉంచుకోండ్రి వదినా" అని ఇచ్చాడు. ఇంతవరకు కట్టలేదు.

అత్తమ్మ చెవులు మంచివే. ఇప్పుడు అడిగినా అదే చెప్తుంది. లేని శబ్దం ఇద్దరికీ ఎలా వినబడిందో రెండేళ్లుగా ఆలోచిస్తున్నాను. నాకు తెలియలేదు.

ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ పిలుపు వినగానే నేను పలికాను. "ఆఁ, చెప్పు మంజులా" అన్నాను, గట్టిగానే. అత్తమ్మ అది కూడా వినలేదు. ఇంకో మాట అనేలోపే వీడియో అయిపోయింది.